సూపర్‌వైజర్ చెల్లెలు

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే అక్కాచెల్లెళ్ళు. సాయంత్రం, వాళ్ళుండే అద్దె గది.

"కోటు గుండీ ఊడిపోయిందేంటక్కా?"

"నాకేం తెలుసు."

"నిన్న మేనేజర్ సార్ నా చేతికిచ్చినప్పుడు బాగానే ఉంది."

"అంటే నేను పీకానంటావా?"

"పీకావని అన్లేదు. అడిగాను."

"వేసుకుని చూశాను. చాలా? బిగుతైంది, ఊడింది. ఇటు పడెయ్, కుట్టిస్తా."

"నువ్వెందుకు వేసుకున్నావు?"

"సూపర్‌వైజర్ కోటు ఒంటి మీద ఎలా ఉంటుందో చూద్దామని. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూడ్డమేగా. తప్పా?"

"తప్పని నేనన్నానా? నిన్నట్నుంచి నాతో ఒక్క మాట లేదు. ఇవాళ నోరు విప్పింది గుండీ కోసం."

"నాకు గుండీలు కుట్టే ఆవిడ చెబితే తెలిసింది. 'మీ చెల్లెలు సూపర్‌వైజరైందటగా' అని. నేను వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. అమ్మకి మాత్రం ముందే ఫోన్ చేశావు."

"నీకు ఇంటికొచ్చాక చెబుదామనుకున్నా. నువ్వొచ్చేసరికి..."

"ఆఁ, నాకు ఆలస్యమవుతుంది. పని చేసేవాళ్ళకి అవుతుంది మరి. బెల్లు కొట్టగానే సగం కుట్టిన చొక్కా మెషిన్ మీదే వదిలేసి బ్యాగు తగిలించుకునేవాళ్ళకి అవదు."

"సగం కుట్టిన చొక్కా ఎక్కడికీ పారిపోదక్కా. పొద్దున్నే వెళ్ళి కుడతాను. జీతం బెల్లు దాకానే ఇస్తున్నారు."

"అదిగో, ఆ మాటే! ఆ మాటన్నదానికి కోటు. కళ్ళు పోయేలా కుట్టినదాన్ని నేను. ఎవరు చెడగొట్టిన చొక్కా అయినా నా టేబుల్ మీదికే. కాలర్ వంకరపోయినా నేనే, జేబు వంకరపోయినా నేనే. నీకు కాలర్ తిప్పడం నేర్పిందెవరు?"

"నువ్వే."

"ఎవరు?"

"నువ్వేనన్నాగా."

"మరి?"

"మరి ఏంటక్కా? ఆ పోస్టు కావాలని నువ్వెప్పుడైనా అడిగావా?"

"అడగడమేంటే సిగ్గులేకుండా? వాళ్ళకి కళ్ళు లేవా? పని చూసి, పిలిచి ఇవ్వాలి."

"ఎవరూ పిలవరు. మా ఈడు వాళ్ళని ఎవర్నైనా అడుగు, ఇదే చెబుతారు. వేలికి సూది దిగి అంత లావున వాచినప్పుడు నిన్నెవరైనా ఇంటికెళ్ళమన్నారా? గుడ్డ చుట్టుకుని కుట్టావు. ఎవరు చూశారు?"

"నువ్వు చూశావు."

"చూశాను కాబట్టే నేనలా చెయ్యను."

"అయితే నేను పిచ్చిదాన్ని."

"అలా అన్లేదు."

"అన్నావు. అమ్మ కూడా అంది. 'చిన్నది మొదట్నుంచీ చురుకు' అంది, నాతో! నిన్ను ఫ్యాక్టరీకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందెవరో ఆవిడకి గుర్తే లేదు."

"అమ్మ మాటకేంలే..."

"కడుపు మండిపోతోందే. దాచుకోవడం నావల్ల కాదు. నిన్న నువ్వు నిద్రలో కూడా నవ్వుతున్నావు. లేపి ఏడిపించాలనిపించింది."

"అక్కా!"

"ఏడిపించలేదుగా. దుప్పటి కప్పాను."

"అన్నం తిను. చల్లారిపోతోంది."

"మాట తప్పించకు. ఒక్కటి చెప్పు. సార్ గదిలో అంతసేపు కూర్చున్నావుగా, నా పేరు వచ్చిందా?"

"ఇప్పుడెందుకక్కా అదంతా."

"మా అక్క ఉంది, నాకంటే ముందు నుంచీ ఉంది అని ఒక్క మాట. అన్నావా?"

"అది..."

"అనలేదు."

"అనలేదులే. సరేనా? తిను."

"నా మొహం చూసి చెప్పు."

"అనలేదన్నాగా! స్వార్థమనుకో, ఏమన్నా అనుకో."

"సొంత చెల్లెలివి. సరే. రేపు నేనే వెళ్తా సార్ దగ్గరికి. నాలో ఏం తక్కువైందో మొహం మీదే అడుగుతా."

"వద్దు."

"ఎందుకొద్దు? నీ గుట్టు బయటపడుతుందనా?"

"అక్కా, అడక్కు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"అడగాలని ఇందాకేగా పాఠం చెప్పావు? అసలు రేపటిదాకా దేనికి? ఆ ఫోనిలా ఇవ్వు."

"ఇవ్వను."

"ఇవ్వవే!"

"నీ పేరే ముందు చెప్పాను! చాలా? గదిలో కాలు పెట్టగానే నీ పేరే చెప్పాను. అక్కకివ్వండి, నేను ఆవిడ కింద చేస్తానన్నాను."

"అబద్ధం."

"సార్ నవ్వారు."

"నవ్వాడా? నవ్వి?"

"వదిలెయ్ అక్కా."

"నవ్వి ఏమన్నాడే?"

"'మీ అక్కని కుర్చీలో కూర్చోబెడితే ఆ టేబుల్ దగ్గర పని ఎవరు చేస్తారమ్మా? ఆవిడ అక్కడే ఉండాలి. అయినా ఆవిడ ఏదీ అడగదులే' అన్నారు."

"ఏదీ అడగదులే, అన్నాడా."

"అక్కా. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి. అలా చూడకు."

"మెచ్చుకున్నాడా, తిట్టాడా?"

"నాకూ అర్థం కాలేదు. అందుకే నీకు చెప్పలేదు. నేను వద్దంటే బయటివాళ్ళని తెస్తానన్నారు. ఒప్పేసుకున్నా."

"అంటే నేను సరిగ్గా కుట్టకపోయి ఉంటే..."

"ఎప్పుడో ఆ టేబుల్ దగ్గర్నుంచి లేచేదానివి."

"విన్నాక నీ మీద కుళ్ళు పోతుందనుకున్నా. పోలేదే. అలాగే ఉంది."

"ఉంటే ఉండనీ. రెండు ముద్దలు తిను."

"తింటాలే. రేపట్నుంచేగా నువ్వు సూపర్‌వైజర్?"

"పొద్దుట్నుంచే."

"అయితే మేడమ్, రేపు నాకు సెలవు కావాలి. ఒంట్లో శుభ్రంగా ఉంది. ఆ టేబుల్ దగ్గర పని ఎవరు చేస్తారో మీరే చూసుకోండి."