వాసనకు నడిచే బండి

మొఘల్‌పురాలో ఒక కారు ఉంది. అది తిరిగిన దూరం కన్నా దాని కథ తిరిగిన దూరమే ఎక్కువ. ఆ కథ చెప్పే హక్కు దాని యజమాని షఫీఉద్దీన్‌ది. అతడు ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి దళారీ. సాయంత్రం నమాజు ముగించుకుని గల్లీ మొగదల చాయ్ హోటల్లో కూర్చున్నాడంటే, వినేవారి కప్పులు చల్లారవలసిందే.

ఆ రోజు పక్క బల్ల వద్ద కృష్ణయ్యా, మెకానిక్ డానియేలూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. కృష్ణయ్య ఒకప్పుడు గోదాము వ్యాను నడిపినవాడు. మొన్నటి వానాకాలంలో అతని భార్య సక్కుబాయికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది; కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఇప్పుడు వారం వారం ఆమెను కసరత్తుకు తీసుకుపోవాలి. మానితే ఆ కాలు ఇక లేవదని డాక్టరు చెప్పాడు. ఆటోలో కూర్చోబెడితే ఆమె ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకని ఊళ్ళో ఉన్న కాస్త జాగా అమ్మి, పాత కారు కొనడానికి సిద్ధపడ్డాడు. కొనడం వరకు అతని వల్ల అవుతుంది. ఆ తర్వాత దానికి పెట్రోలు పోయించడమే అతని భయం.

"రెండున్నయన్నవు గద డానియేలు, ఏది తక్కువ తాగుతది?"

"ఎర్రది మస్తు మైలేజీ ఇస్తది గని పొద్దుగాల స్టార్ట్ గాక సతాయిస్తది. తెల్లది జర ఎక్కువ తాగుతది, గని చావి తిప్పంగనే లేస్తది."

"ఎర్రదే చూడు మరి. ఎక్కువ తాగితే నాతోని కాదు."

షఫీఉద్దీన్ కుర్చీ వారి వైపు తిరిగింది.

"అరే కృష్ణయ్యన్నా! మైలేజీ ముచ్చట నన్ను అడగకుండ మెకానిక్‌ను అడుగుతవా? ఇను. నేను బండి కొనేటప్పుడు ఏం చేసిన్నో ఎరుకేనా? షోరూములల్ల కాయితాలు చూపిస్తరు, లీటరుకు గింత, లీటరుకు గంత అని. నేను కాయితం దిక్కు చూడనేలే. బానెట్ మీద చెవి పెట్టిన. ఆకలిగొన్న ఇంజను గురగుర అంటది, కడుపు నిండిన ఇంజను పండుకున్న పిల్లి లెక్క ఉంటది. పట్నమంత తిరిగి తిరిగి ఆ పిల్లిని పట్టుకొచ్చిన. ట్యాంకు నిండ పోయించి, మీటరు సున్నా చేసి, తిప్పి, మల్ల నిండ పోయించి లెక్క చూస్తే, లీటరుకు ఇరవై ఆరు!"

"గిది నమ్మచ్చు," అన్నాడు గాజుల దుకాణం ఇమ్రాన్.

"ఆగు, ఇప్పుడే నమ్మకు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గుల్బర్గా దర్గా ఉర్సుకు పోయినం. ఇంటిల్లిపాది ఎక్కినం, ఒక దేగ్ నిండ బిర్యానీ ఎక్కింది, మా అమ్మ చెల్లె, మా ఖాలా, ఎక్కింది. మా ఖాలా ఒక్కతే ఇద్దరి పెట్టు. పోయినం, జియారత్ చేసినం, మల్ల బయలెల్లినం. పెట్రోలు ముల్లు మాత్రం మేకు కొట్టినట్టు ఎక్కడిదక్కడనే ఉన్నది."

"ముల్లు ఖరాబైందేమో భాయ్," అన్నాడు డానియేలు.

"నేనూ గట్లనే అనుకున్న! గని అనంతగిరి ఘాటు దిగుతుంటే ముల్లు పైకి లేవవట్టింది. ఎందుకంటవా? ఎక్కేటప్పుడు తాగింది దిగేటప్పుడు వాపస్ ఇస్తది, ఇమాన్‌దార్ బండి. చేవెళ్ల వచ్చేసరికి ట్యాంకు మూత దానంతల అదే ఊడి, పాలు పొంగినట్టు పెట్రోలు పొంగుతున్నది. ఏం జేయాలె? రోడ్డు పక్కకు ఆపి, వచ్చే స్కూటరోన్ని, పోయే స్కూటరోన్ని పిలిచి, నీళ్ల సీసాలల్ల పోసి పంచిన. మిఠాయి పంచినట్టు పంచిన! అడిగినోన్ని ఒక్కన్ని గూడ ఖాలీ చేతులతోని పంపలే."

కృష్ణయ్య చేతిలోని కప్పు నెమ్మదిగా సాసరు మీదికి దిగింది.

"సీసాలల్లనా, భాయ్?"

"సీసాలల్లనే అన్నా! మల్ల ఏమైందో ఇను. బంకు మాలిక్ నా రెండు చేతులు పట్టుకున్నడు. 'షఫీ భాయ్, మీరు ఇటు రాకుండ్రి, మీ బండిని చూసి తక్కినయి సిగ్గుతోని మూత తీస్తలేవు, నా ధంధా చౌపట్ అయితున్నది' అని ఏడ్చిండు. 'ఫికర్ చెయ్యకు' అని చెప్పిన. అప్పటిసంది బంకుల చక్రం పెట్టలే."

"మరి ఏం తాగుతది? గంజినా?" ఇమ్రాన్ అడిగాడు.

"వాసన! పొద్దుగాల బంకు ముంగట అద్దాలు దించి జరసేపు నిలబెడ్త. ఆ వాసన పీల్చుకొని నాంపల్లి పోయి వస్తది. రంజాన్ల గది గూడ లేదు, మాతోని రోజా పట్టి ఒక్కపొద్దుంటది."

హోటలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు షఫీఉద్దీన్‌ను ఇంకొక మెట్టు ఎక్కించింది.

"అసలు ముచ్చట ఇంకా చెప్పనేలే. మొహల్లాల ఎవలకన్న ఆపతొచ్చిందనుకో, చావి పెట్టకముందే నా బండి స్టార్టయితది. నేను చెప్పులు తొడుక్కునేలోపట గల్లీల నిలబడి హారన్ కొడ్తది. నవ్వకుండ్రి! బండికి గూడ దిల్ ఉంటది."

"భాయ్," అన్నాడు కృష్ణయ్య. గొంతు పెంచలేదు. అయినా నవ్వు ఆగింది. "సక్కు పడిపోయిన నాడు ఆటోల బంద్ ఉండె. అంబులెన్సు ట్రాఫిక్‌ల ఇరికింది. పట్టపగలు నీ దర్వాజ కొట్టిన. ట్యాంకుల చుక్క లేదన్నవు."

"అన్నా, ఆ రోజు ఏమైందంటే..."

"నిజమే అనుకున్న. ఇంటికి ఉరికిన. నా స్కూటర్ల పైపు పెట్టి, నోటితోని పెట్రోలు గుంజి, నీళ్ల సీసాలకు పట్టుకొని మల్ల ఉరికొచ్చిన. అప్పటికే నీ బండికి కవరు తొడిగి తాడు కట్టి ఉన్నది. దర్వాజ కొట్టిన, పిలిచిన. లోపట టీవీ మోగుతున్నది."

షఫీఉద్దీన్ చాయ్ కప్పు వైపు చూశాడు. మీగడ కట్టిన ఆ చాయ్‌ను ముట్టలేదు.

"ఇప్పుడు వాసన చాలంటివి. ఆనాడు నా నోట్ల అదే వాసన, చేతులకు అదే, అంగీకి అదే. అంత వాసనతోని నీ బండి పక్కకే నిలబడ్డ, భాయ్. అది స్టార్ట్ గాలే."

ఇమ్రాన్ తల దించుకున్నాడు. కృష్ణయ్య లేచి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"తెల్లదే మాట్లాడు డానియేలు. తాగితే తాగనీ, నేను ఒక పూట తినుడు మానుకుంట. చావి తిప్పంగనే లేస్తదన్నవు గద?"