సిద్ధి తర్వాతి మెట్టు

హౌరా స్టేషనుకు పోయే టాక్సీ బ్రిడ్జి మీద ఇరుక్కుపోయింది. వెనక సీట్లో బ్యాంకు మేనేజరు పట్టాభి, ఆయన కూతురు సమీర. ఊరెళ్ళిన ఆయన భార్య వేదవతి విశాఖపట్నం బండి దిగే వేళవుతోంది. దసరా మర్నాడు ఆ పూట పట్టాభికి కూతురి చేతిలో ఫోన్ని మించిన గండం లేదు పాపం.

"ఆ వీడియో తీసెయ్యవే తల్లీ."

"తీసెయ్యడానికి నేను పెట్టలేదు నాన్నా. పక్కింటి మిత్రా కాకూ మన వీధివాళ్ళ వాట్సాప్‌లో పెట్టారు. ధూపం కుండ పట్టుకుని మీరెంత బాగా గంతులేశారో!"

"గంతులేవిటి, అది హారతి."

"హారతిలో పంచె ఊడిపోతుందా?"

"ఊడలేదు. జారింది. మీ అమ్మకి మాత్రం చూపించకు."

"ఎన్ని గ్లాసులు తాగారు?"

"ఏం గ్లాసులు?"

"సిద్ధి నాన్నా, సిద్ధి. దశమినాడు మిత్రా కాకూ కుండెడు కలిపి అందరికీ పోస్తారుగా."

"అది ప్రసాదం. పాలు, బాదంపప్పు, ఏలకులు..."

"ఇంకా?"

"ఏదో ఆకు."

"ఏం ఆకు?"

"ఆకంటే ఆకే. పుదీనాలాంటిది."

"గంజాయి ఆకు! ఎన్ని గ్లాసులు?"

"ఒకటి... ఒకటిన్నర. ఆ సగం మిత్రాదా బలవంతం."

"మరి మొన్న అభిజిత్‌ని మనింట్లో కూర్చోబెట్టి ఏం చెప్పారు?"

"ఆ అబ్బాయి సంగతి ఇప్పుడెందుకు?"

"అలవాట్లేవైనా ఉన్నాయా బాబూ అని మీరే అడిగారు. కాలేజీలో రెండుసార్లు గంజాయి కాల్చానండి, మళ్ళీ ముట్టలేదు అన్నాడు. దానికి మీరేమన్నారు?"

"ఏదో అన్నాను."

"ఇదంతా మెట్లు బాబూ, ఇవాళ గంజాయి, రేపు పౌడరు, ఎల్లుండి సూది, మా అమ్మాయినివ్వను. అంతేనా?"

"అంతే. తప్పేవుంది?"

"అయితే మీకూ రేపు పౌడరు, ఎల్లుండి సూది. అమ్మ దిగగానే చెప్పేస్తాను, జాగ్రత్త పడుతుంది."

"వేళాకోళం చాలించు. పౌడరు దాకా పోయినవాళ్ళెవర్నైనా అడుగు. ముందు గంజాయితోనే మొదలెట్టి ఉంటారు."

"అంతకు ముందు టీ కూడా తాగే ఉంటారు. టీ మానేద్దామా?"

"టీకీ దానికీ పోలికేవిటే!"

"కాల్చి ఊరుకున్నవాళ్ళని మీరసలు లెక్కలోకే తీసుకోవట్లేదు నాన్నా. మీ హాస్టల్లో ఎంతమంది కాల్చేవారు?"

"నలుగురు."

"వాళ్ళేమయ్యారు?"

"మధుబాబు డాక్టరు. కృష్ణచైతన్య ప్రిన్సిపాలు. ఇంకొకడు దుబాయిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు."

"నాలుగోవాడు?"

"బండి కదిలినట్టుందే."

"కదల్లేదు. నాలుగోవాడు?"

"నరసయ్య. నా రూమ్మేటు. వాడు ఆగలేదమ్మా. గంజాయి అయింది, మాత్రలయ్యాయి, సూదులయ్యాయి. చదువు పూర్తవకుండానే పోయాడు. వాళ్ళ నాన్న వచ్చి ట్రంకుపెట్టె పట్టుకెళ్తుంటే నేనే రిక్షా ఎక్కించాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"ఏం చెప్పను! నలుగురిలో ఒక్కడే, నీ మాటే ఒప్పుకుంటాను. ఆ ఒక్కడూ ఎవడో ముందే తెలిస్తే నాకు భయమెందుకు? నా పిల్లకి సరిగ్గా ఆ ఒక్కడే దొరికితేనో?"

"నరసయ్యగారు తను కాలుస్తున్నట్టు ఎవరికైనా చెప్పేవారా?"

"చెప్పడమా! పరుపు కింద దాచేవాడు. అడిగితే వాళ్ళమ్మ మీద ఒట్టేసేవాడు."

"అభి అడగ్గానే చెప్పాడు. సంబంధం తప్పిపోతుందని తెలిసీ చెప్పాడు. దాచేవాళ్ళని చూసి భయపడండి, చెప్పేవాణ్ణి చూసి కాదు."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"దాచేవాళ్ళతోనే అసలు గొడవ. అది నిజమే."

"నిజం కదా?"

"నూటికి నూరుపాళ్ళు."

"అయితే ఫ్రిజ్‌లో మాగాయ సీసా వెనక ఆ స్టీలు డబ్బా ఏవిటి?"

"ఏ డబ్బా?"

"నాన్నా!"

"అదా! మిత్రాదా వాళ్ళావిడ, బౌదీ, ఇచ్చింది. ఆవపెట్టిన కూర."

"అరటికాయా, పనసపొట్టా?"

"నీళ్ళలో దొరికేదే ఏదో..."

"ఇలిశ చేపా!"

"నెమ్మది, నెమ్మది! డ్రైవరు వింటాడు."

"బెంగాలీ ఆయన, వింటే సంతోషిస్తాడు. ఇంట్లోకి కోడిగుడ్డు రానివ్వని మీరు!"

"నా తప్పు కాదే. ఆ సిద్ధి తాగాక ఆకలి... అబ్బబ్బ, మనిషికి అంతాకలి వేస్తుందని నాకు తెలీదు. బౌదీ పళ్ళెం పెట్టింది. ఆవ ఘాటు తగిలింది. మన అరటికాయ ఆవపెట్టిన కూరే అనుకున్నాను. ముల్లు తగిలేదాకా తెలీలేదు."

"ముల్లు తగిలాక?"

"అప్పటికి పళ్ళెంలో ఇంకో ముక్కుంది. వదిలేస్తే ఆవిడేమనుకుంటుంది?"

"డబ్బా ఆవిడే కట్టిచ్చిందా, మీరడిగారా?"

"ఆవిడే... అంటే, ఆవిడే కట్టింది."

"అడిగారా?"

"అడిగాను."

"అయ్యో దేవుడా, నవ్వలేకపోతున్నాను! సిద్ధితో మొదలెట్టి ఒక్క పూటలో ఇలిశ దాకా! మెట్లు ఉన్నాయి నాన్నా, నేనే ఓడిపోయాను."

"నవ్వు, నవ్వు. మీ అమ్మకి తెలిస్తే నేనింక వంటింటి గడప తొక్కలేను. ఏకాదశినాడు ఉల్లిపాయ పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి."

"నేను చెప్పను. మీరే చెప్పండి."

"నేనా!"

"దాచేవాళ్ళతోనే గొడవన్నారు. నూటికి నూరుపాళ్ళన్నారు."

"సరే, విను. నేనే చెప్తాను. అది విని కూడా మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తే, ఆదివారం నీ అభిజిత్‌ని భోజనానికి పిలు. పెళ్ళికి అడ్డు చెప్పను. రానివ్వకపోతే నాకూ వాడికీ ఇద్దరికీ రాసిపెట్టి లేనట్టే."

"మాటంటే మాటేనా?"

"మాటే. అదిగో, కదిలింది బండి."

ప్లాట్‌ఫారం మీద వేదవతి రెండు సంచులతో దిగింది. పట్టాభి సంచులందుకున్నాడు.

"వేదా, నీకో మాట చెప్పాలి. కోప్పడకు. నిన్న మిత్రాదా ఇంట్లో..."

"తెలుసు. బౌదీ ఫోన్ చేసింది."

"అంతా చెప్పిందా?"

"అంతా. సిద్ధి, గంతులు, డబ్బా."

"ఆ ఇలిశ... నాకు తెలీక, వేదా..."

"మీ సంగతి తర్వాత. ఏటా దశమికి మీకు తెలీకుండా ఆవిడ నాకోసం దాచిపెట్టే ముక్కలండీ అవి. అన్నీ తినేశారా, నాకేవైనా ఉంచారా?"