పెళ్లికి నాటిన సెలెరీ

అమెరికా పల్లెల్లో పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల పెళ్లి విందుకి సెలెరీ ఆకుకూర బండెడు కావాలి. పెళ్లి సంగతి ముందుగా ఎవరూ నోరు విప్పి చెప్పరు, పెరట్లో సెలెరీ మళ్లే చెప్పేస్తాయి. సెలెరీ మొదళ్లకి మట్టి ఎగదోస్తున్న పిల్ల దగ్గరికి ఆమె స్నేహితురాలు వచ్చి నిలబడింది.

"ఆదివారం చర్చిలో పెళ్లి చాటిస్తారే. నాకూ ఈనస్‌కీ."

"వేసవంతా నన్ను గుర్రబ్బండిలో ఇంటికి దింపినవాడికా?"

"దారంతా నా గురించే అడిగేవాడట కదా."

"అడిగాడు. వెర్రిమొహాన్ని, నీ మంచితనమంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మా అమ్మ చూడు, నాకే పెళ్లనుకుని ఎంత నాటిందో!"

"ముందే చెప్పాల్సింది. భయమేసింది."

"మీ పెరట్లో నాలుగు మొక్కలైనా లేవు. విందుకేం పెడతారు?"

"అదే... మిమ్మల్ని అడగమంది మా అమ్మ."

"సిగ్గులేదటే మీకు!"

"తిట్టు, పడతాను. కానీ ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ముందు సంఘంలో అందరం సమాధానపడాలిగా. నువ్వు క్షమించలేదంటే ఆ బల్లా జరగదు, దాని తర్వాత మా చాటింపూ ఆగిపోతుంది."

"ఆపనులే. సంఘంలో లేచి క్షమించానంటాను. సెలెరీ కూడా పీక్కుపో."

"నిజంగా క్షమించావా?"

"పెద్దలడిగితే అవునంటాను. నువ్వు మాత్రం అడక్కు."