కన్ను కొట్టిన అద్దం

నవ్వుతున్నవా మహాదేవప్పన్నా? నవ్వు, నవ్వు. సచ్చినా గెలిచినోనివి, నీకేం ఫికర్! ఫోటోల కూసోని మీసం దువ్వుతున్నవ్.

గీ ఫోటో పొద్దుగూకే యాళ్లకు నీలమ్మ వదినెకు వాపస్ ఇయ్యాలె. ఇచ్చే ముందు నాలుగు మాటలు అడుగుత. జవాబు చెప్పనీకె నీకు నోరు లేదు. గదే మంచిగైంది. బతికినన్ని దినాలు నువ్వే మాట్లాడితివి, నేను మసి గీకితిని.

పన్నెండేండ్లు! టాకీసుల ఇంటర్వెల్‌ల ఏసే అడ్వటైజు స్లైడ్లు... అద్దం మీద బొమ్మ నాది, మూలకు పేరు నీది. దుకాణం నాదంటివి, సరే అంటిని. గానీ కదిలే స్లైడు? అది ఎవలిది?

చెప్పు! గ్యాస్‌నూనె బుడ్డి మీద అద్దం వట్టి, మసి వట్టిచ్చి, సూదితోని సన్నగ గీతలు గీకిందెవలు? రెండు బొమ్మలను గీతలు గీతలుగ ఒక్క అద్దం మీదనే కలిపి గీసిందెవలు? మసి అద్దం దాని మీద జరిపితే బొమ్మ కదుల్తదని కనిపెట్టిందెవలు? రెండు నెలలు కండ్ల నీళ్లు కారినయి నాకు.

నీకు గా హునర్, గా పనితనం జర గూడ సమజ్ కాలే. కదులుడు బొమ్మల ఉండదన్నా. ఒక బొమ్మకు, ఇంకో బొమ్మకు నడుమ ఉంటది. ఆడ నేనేం గియ్య. సూసేటోని కన్నే గీసుకుంటది. అన్ని కదిలిస్తే ఏదీ కదిలినట్టు ఉండదు. లారీ నిలవడాలె, చక్రమే తిరగాలె. నేను గిది చెప్తుంటే నువ్వు ఆవులిస్తివి.

ఆవులిచ్చినోనివి ఊకున్నవా? చిరాగ్‌పల్లి టైర్ల సేటు స్లైడు యాదున్నదా? నేను చెల్లె పెండ్లికని కోహీర్ పోయిన. నువ్వే మిషన్ల పెట్టి, నువ్వే మసి అద్దం గుంజినవ్. ఉల్టా గుంజినవ్! లారీ ముంగటికి సూస్తుంటే చక్రాలు ఎనుకకు తిరిగినయి. అయినా హాలంత చప్పట్లు! సేటు శాలువ గప్పిండు. చక్రం ఎనుకకెందుకు తిరుగుతదని ఒక్కడన్న అడిగిండా?

"మరి మాణిక్ ఏం చేస్తడు?" అని ఎవలో నా గురించి అడిగితే ఏమన్నవ్? "వాడా, మసి గీకుతడు."

గా మాట నా కడుపుల కుంపటి లెక్క ఉండిపోయింది. నిన్ను ఇడిసి నేను ఇంకో దుకాణం వెట్టుకున్నా ఆరలే.

నువ్వు పోయినవ్. మొన్న వదినె గీ ఫోటో తెచ్చింది. ఊర్ల పేరున్నోడు పోతే మ్యాట్నీకి ముందు వాని బొమ్మ ఏసి, కింద శ్రద్ధాంజలి అని రాసుడు మన టాకీసు రివాజే గదా. "నువ్వే చెయ్యాలె మాణిక్, మీ అన్నది" అన్నది. లోపల నాకు పండుగైంది. అబద్ధమెందుకు?

ఏం చేసిన్నో ఎరికేనా? నీ మీసం కదలనియ్యలే. పెదవి కదలనియ్యలే. ఎడమ కన్ను ఒక్కటే! దండేసిన బొమ్మ ముంగట మంది చేతులు జోడిస్తరు. అప్పుడు నువ్వు కన్ను కొట్టాలె. ఆడోళ్ల బెంచీల దిక్కు! పడి పడి నవ్వాలె అందరు. నీ ఇజ్జత్ బజార్ల వడాలె. మూలకు నా పేరు రాసిన, ఇంతింత అచ్చరాలు. తంతె తన్నని, గానీ ఎవలు చేసిన్రో తెల్వాలె అనుకున్న.

ఇయ్యాల మ్యాట్నీకి ఆపరేటర్ చంద్రప్పను జరుగుమని నేనే గుంజిన. సీదా గుంజిన. పది దాక లెక్కవెట్టి నిన్ను కదలకుంట నిలవెట్టిన. అప్పుడు కన్ను మూసుకున్నది, తెరుసుకున్నది. అబ్బ! ఏం కన్నన్నా అది! నా జన్మల గంత మంచిగ చెయ్యలే.

ఒక్కడు నవ్వలే.

వదినె లేసి నిలవడ్డది. "నన్ను జూసిండు" అన్నది. ఇగ హాలంత ఏడుసుడే! మొగుడంపల్లి నుంచి వచ్చిన రైతులు గూడ తువ్వాలతోని కండ్లు తుడుసుకున్నరు. మూలకున్న పేరు సదివిన్రా అంటవా? సదివిన్రు. "మసి గీకేటోనికి గూడ ఎంత నేర్పిండు సూడు మహాదేవప్ప!" అనుకుంట పోయిన్రు.

నేను నోరు తెరిసిన. నేర్పుడు గాదు, దొంగతనం అని ఒర్రుదామనుకున్న. అంతల్నే వదినె వచ్చి నా నెత్తి మీద చెయ్యి వెట్టింది. "మీ అన్న నేర్పింది నీ చేతుల బతికున్నది, మాణిక్" అన్నది. గా కన్ను ఎందుకు కొట్టిచ్చిన్నో ఆమెకు ఎట్ల చెప్పాలె?

"అవునొదినే, అంత అన్న నేర్పిందే" అన్న. నా నోటితోనే అన్న.

రేపు గూడ ఏస్తరట. నేనే గుంజాలెనట.

గిప్పుడు ఎవల మీద కొట్లాడాలె చెప్పు. గా పని నాదని ఊర్ల తెలిసినోనివి నువ్వొక్కనివే ఉంటివి. నువ్వు గూడ సస్తివి.