పసుపు పెట్టిన మూల

అలా వాసన చూడకు హనీఫ్. కలరా ఉండల వాసన అది. ఎనిమిదేళ్లు ట్రంకుపెట్టెలో పడి ఉన్న గుడ్డకు మల్లెపూల వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? తడిపి ఆరేసినా పోలేదు. ఊఁ, కొలత తీసుకో. పాత కొలతలు పనికిరావు. ఈ ఏడాదిలో మనిషిని కాస్త తగ్గాను.

ఏమిటా చూపు? అవును, పాలిస్టరే. నా చొక్కాకే. నవ్వు, పరవాలేదు. తొమ్మిదో తరగతిలో నా పాఠం విన్నవాడివి, నీకు ఆ హక్కుంది.

పాలిస్టరును తడపడమేమిటనా? దానికి వస్తాను. ముందు భుజం కొలు.

గుర్తుందా, బల్ల మీద రెండు పోగులు కాల్చి చూపించేవాణ్ణి? నూలుపోగు కాగితంలా కాలి బూడిదయ్యేది. పాలిస్టరు పోగు కరిగి, నల్లటి ఉండై గట్టిపడేది. “ఇది పెట్రోలుకు పుట్టిన బిడ్డ, మట్టిలో కలవదు” అనేవాణ్ణి. మంగినపూడి మోషే వలలో చేపలతోపాటు చీరముక్క ఒకటి తగిలితే, అడిగి తెచ్చి మీ అందరికీ చూపించాను. ఎన్నాళ్లు సముద్రంలో నానిందో పాపం, రంగు కూడా వెలవలేదు!

ఏమన్నావు? పత్తికి కొట్టే మందుల మాటా? భేష్! ఆనాడు ఒక్కడూ అడగలేదురా ఈ ప్రశ్న.

గుంటూరు వైపు పత్తిచేల గట్టు మీద నిలబడితే ఆ మందు వాసనకు కళ్లు మండుతాయి. ఆ పత్తి తాగే నీళ్లెన్ని? మన పెడన అద్దకాలే చూడు. చెట్ల రంగులని మురిసిపోతాం. ఒక్కో తానును ఎన్నిసార్లు ఉడకబెట్టాలి, ఎన్నిసార్లు కాలవలో జాడించాలి, పొయ్యి కింద ఎంత కట్టె తగలెయ్యాలి? ఇక పట్టంటావా, ఒక్క చీరకు ఎన్ని పురుగుల ప్రాణమో. ఏ గుడ్డా నిర్దోషి కాదు హనీఫ్. అప్పుడే తెలుసు నాకు. చెప్పలేదు. మాస్టారు రెండు పక్కలా మాట్లాడితే పిల్లలు లెక్కచేస్తారా అనుకున్నాను.

మా ఆవిడ అడిగింది.

ఈ గుడ్డ ఆవిడ కొన్నదే. తొంభై అయిదులో, నేను రిటైరైన నాడు, తనే కోనేరు సెంటరుకు వెళ్లి తెచ్చింది. “ఏమండీ, మీ నూలు చొక్కా ఒక్కటి ఉతకాలంటే మూడు బకెట్ల మంచినీళ్లు. బోరునీళ్లకు తెలుపు రాదంటారాయె. కుళాయి చూస్తే రోజు విడిచి రోజు. ఆపైన గంజి, నీలిమందు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు. ఇవన్నీ మీ పాఠంలో ఉన్నాయా మాస్టారూ? ఇది ఒక్కటి కుట్టించుకోండి. జాడించి దండెం మీద వేస్తే సరి” అంది.

నేనేమన్నానో తెలుసా? “కొట్లో తిరిగి ఇచ్చెయ్” అన్నాను. అంతే.

ఇవ్వలేదు. పెట్టెలో దాచింది. ఆ తర్వాత ఏడేళ్లూ నూలు చొక్కాలకే గంజి పెట్టింది. చలికాలం వచ్చిందంటే వేళ్లు ముడుచుకునేవి కావు. మణికట్టుకు చుట్టి పిండేది. చూశాను. చూడలేదని చెప్పను.

నిరుడు పోయింది. నీకు తెలుసుగా, మీ ఆవిడ జహీదా వచ్చి కూర్చుని వెళ్లింది. ఇప్పుడు నా చొక్కాలు నేనే ఉతుక్కుంటున్నాను. మూడు బకెట్లు కాదు హనీఫ్, నాలుగు. ఆవిడ తగ్గించి చెప్పింది.

మొన్న పెట్టె తీశాను. మడత నలగలేదు. విప్పితే ఒక మూల పసుపు! కొత్త గుడ్డకు మూలన పసుపు పెట్టనిదే కుట్టుకు పంపేది కాదు కదా ఆవిడ. వేలిముద్ర, గీతలతో సహా. ఎప్పటికైనా ఈ మొండివాడు కుట్టించుకుంటాడనుకుంది కాబోలు.

తర్వాత ఏం చేశానో అడగవేం?

తడిపాను.

మీ నాన్న మిషను తొక్కిన రోజులనుంచీ మా ఇంటి గుడ్డ తడపకుండా మీ కొట్టుకు వచ్చిందా? నూలు కుదించుకుపోతుందని ముందు నానబెట్టేది ఆవిడ. ఆ అలవాటు నా చేతికీ వచ్చింది. పాలిస్టరు కుదించుకుపోదని ఊరందరికీ నేర్పినవాణ్ణి, బకెట్లో ముంచేసి పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. లేచి వెళ్లేసరికి నీళ్లు లేతపసుపు.

నూలైతే పట్టుకునేది. ఎన్ని ఉతుకులైనా ఆనవాలు మిగిలేది. దీనికి పసుపులాంటి రంగు పట్టే గుణం లేదు. అదీ నా పాఠంలోదే.

బకెట్టు పెరట్లోనే ఉంది. ఇంకా పారబొయ్యలేదు.

ఏ మూలో ఇప్పుడు తెలియడం లేదు. ఎండలో పెట్టి చూశాను, దీపానికి పట్టి చూశాను. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి.

కుట్టు. పొడుగు చేతులే. కత్తిరించేటప్పుడు మాత్రం నాలుగు మూలలూ విడిగా తీసి, పొట్లం కట్టి ఇవ్వు. చిన్న పీలిక కూడా ఊడ్చెయ్యకు.

ఎందుకేమిటి? మట్టిలో కలవని గుడ్డను బయట పారెయ్యకూడదని చెప్పలేదూ తొమ్మిదో తరగతిలో? అందుకే. అలాగే రాసుకో.