తొమ్మిది కప్పుల మేడమ్

ఫైనల్‌కి ముందు రోజు మధ్యాహ్నం. ఒక చిన్న ఫిజియోథెరపీ గది. ఇరవై ఆరేళ్లుగా కాలేజీ అమ్మాయిలకి సాఫ్ట్‌బాల్ నేర్పుతున్న కోచ్ బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకుని పైకి లేపుతున్న ఫిజియో, ఒకప్పుడు ఆవిడ జట్టుకే బంతి విసిరిన పిచర్.

"అబ్బా, మెల్లగానే!"

"ఇంకా పైకెత్తండి మేడమ్."

"ఎత్తాను కదా."

"ఇది ఎత్తడమా? పొద్దున వచ్చిన డెబ్బై ఏళ్ల ముసలావిడ ఇంతకంటే పైకెత్తింది. ఎత్తండి, ఎత్తండి."

"నీ చేతుల్లో ఇంత కసి ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

"మీరు నేర్పిందే. ఏడుపేదో ఇంటికెళ్లి ఏడవండి, గ్రౌండులో కాదు అనేవారుగా. ఇది నా గ్రౌండు."

"గ్రౌండా ఇది? రెండు బల్లలు, గోడకి వేలాడే తాడు, నాలుగు రబ్బరు బంతులు. దీనికి మళ్లీ బయట తలుపంత బోర్డు."

"మీరు మొదలుపెట్టినప్పుడు మీకు ఆ బోర్డు కూడా లేదు కదా. క్యాంటీన్ వెనకాల రాళ్ల నేల, నాలుగు బ్యాట్లు. మొన్న పేపర్లో మీరే చెప్పుకున్నారు, అర పేజీ."

"చదివావన్నమాట."

"చదవక చస్తామా? అంతేసి ఫొటో వేస్తే! తొమ్మిది కప్పుల ముందు నిలబడి, నా పిల్లలు, నా పిల్లలు అని పదిసార్లు అన్నారు. వెతికి వెతికి చూశాను. ఒక్క పిల్ల పేరు లేదు."

"చెబితే మాత్రం ఆ పేపరువాడికి రాయడం వచ్చేడ్చిందా? మీ విజయ రహస్యం ఏమిటి మేడమ్ అని అడుగుతాడు. రహస్యమట! రాళ్లు ఏరాను, సున్నంతో గీతలు గీశాను, రూల్సు పుస్తకం బట్టీ పట్టాను. ఆ కాలేజీలో అప్పుడు ఒక్కడికైనా బంతి ఏ వైపు గుండ్రంగా ఉంటుందో తెలుసా?"

"రాళ్లు మీరు ఏరారా?"

"మరి?"

"మేం ఏరాం. మీరు గొడుగు కింద కుర్చీ వేసుకుని, అదిగో అక్కడింకోటి, ఇదిగో ఇక్కడింకోటి అని చూపించారు."

"మీకంటే ముందు నాలుగేళ్లు నేనే ఏరాను. మీరు వచ్చేసరికి నా నడుం పోయింది. ఆ సంగతి ఎవత్తికి తెలుసు?"

"సరే. ఊళ్లో ఇంతమంది ఫిజియోలుండగా నా దగ్గరికే ఎందుకొచ్చారు? పందొమ్మిదేళ్లలో నేను బతికున్నానో లేదో ఒక్కసారి కనుక్కోలేదు."

"భుజం పట్టేసిందని చెప్పానుగా."

"మీ భుజానికి ఏ రోగమూ లేదు. కాస్త బిగుసుకుంది, అంతే. వారం రోజులు వేళ్లని గోడ మీద పాకిస్తే అదే పోతుంది. దీనికోసం మీరు రెండు బస్సులు మారి రారు."

"ఒకటే బస్సు."

"మేడమ్."

"ఒక కాగితం మీద సంతకం కావాలి."

"అదీ! అలా దారికి రండి. ఎవరి గురించి?"

"నా పిచర్. రేపు ఫైనల్ కదా."

"తెలుసు. మంగళవారం మీకు తెలియకుండా ఇక్కడికే వచ్చింది. మెట్ల మీద జారిపడ్డానంది. మెట్ల మీద పడినవాళ్లకి చూపుడువేలి కొసన కాయ కాయదు మేడమ్. చెయ్యి గిర్రున తిప్పి, కింద నుంచి బంతి వదిలేవాళ్లకే కాస్తుంది. నాకూ ఉండేది."

"ఎలా ఉంది దాని భుజం?"

"మీకు తెలీదూ?"

"నిన్ను అడుగుతున్నాను."

"కండరం ఎముకని పట్టుకునే చోట చిరిగింది. ఇప్పుడు ఆపితే ఆర్నెల్లలో అతుక్కుంటుంది. రేపు ఏడు ఇన్నింగ్సూ విసిరిందనుకోండి, ఊడి చేతికొస్తుంది. ఇక నాలాగే. నేను జడ వేసుకోలేనని తెలుసా మీకు? అందుకే కత్తిరించుకున్నాను. బస్సులో పైన కడ్డీ పట్టుకోలేను. నా కూతుర్ని పెంచినన్నాళ్లూ ఎడమచేత్తోనే ఎత్తుకున్నాను. మీ అల్మారాలో మెరుస్తోంది చూడండి, ఆ నాలుగో కప్పు. దానికోసం."

"మూడోది."

"ఏంటి?"

"నువ్వు ఆడిన ఏడాది వచ్చింది నాలుగోది కాదు. మూడోది."

"ఛీ! అదా మీకు గుర్తున్నది?"

"నాకు అన్నీ గుర్తున్నాయి."

"ఆస్పత్రికి రావడం ఒక్కటి మర్చిపోయారు పాపం. నేను కట్టుతో పడుకుని గుమ్మం వైపు చూస్తుంటే, మీరు వచ్చే ఏడాదికి ఇంకో పిల్లని తయారు చేసుకుంటున్నారట."

"చేసుకున్నాను. దానికి నీలో సగం వేగం కూడా లేదు."

"ఆహా, పొగడ్తా? సంతకం కోసం ఎంత కిందికి దిగారు!"

"నిన్ను పొగడాల్సిన అవసరం నాకేంటి? చెయ్యి ఒక్కటే బాగుండేది. బేసుల మధ్య బాతులా పరిగెత్తేదానివి. చూడలేక తల తిప్పుకునేదాన్ని."

"అలాగా. అయితే మీ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకోండి. ఫిట్ అని నేను రాయను. మీ కాలేజీ డాక్టరు లేడూ? శవాన్ని తెచ్చి పడుకోబెట్టినా ఫిట్ అని రాసేస్తాడు."

"ఆయన పొద్దున్నే రాసేశాడు."

"మరింకేం? వెళ్లి ఆడించుకోండి. వచ్చే నెల రిటైర్మెంటు, చేతిలో పదో కప్పు, పేపర్లో ఈసారి పూర్తి పేజీ."

"ఆయన కాగితం నాకు పనికిరాదు."

"ఓహో, అర్థమైంది. రేపు ఆ పిల్ల కూలబడితే, ఇదిగో, పాత పిచరే చూసి సంతకం పెట్టింది, నా తప్పేముంది అనడానికి. సిగ్గులేదూ మీకు?"

"నోరు ఆపి ముందు చదువు."

"చదవను."

"బాణం!"

"అలా పిలవకండి. ఆ పేరు వినగానే పరిగెత్తుకొచ్చే పిల్ల ఎప్పుడో పోయింది."

"సరే, పిలవను. చదువు. రెండు ముక్కలే ఉంది."

"ఇలా ఇవ్వండి. చదివి మీ మొహానే కొడతాను. ఈ క్రీడాకారిణి కుడి భుజం పరీక్షించాను, ఆటకి... ఆటకి తగదు. ఈ ఏడాదంతా బంతి విసరకూడదు. ఇదేంటి మేడమ్?"

"తప్పులుంటే దిద్దు. మీ వైద్యం మాటలు నాకు రావు."

"ఆడకూడదనా రాయమంటున్నారు?"

"చదవడం కూడా మర్చిపోయావా? జట్టు పేర్లు ఇచ్చేశాం. ఇప్పుడు ఒక పేరు కొట్టెయ్యాలంటే ఇలాంటిదొకటి కావాలని టోర్నమెంటు వాళ్లంటున్నారు."

"పేరు కొట్టెయ్యడం దేనికి? మీరే కోచ్. బెంచీ మీద కూర్చోబెడితే సరిపోదూ?"

"సరిపోదు. రెండు పరుగులు వెనకబడ్డామంటే ప్రిన్సిపాల్ లేపమంటాడు, ఆ పిల్ల నాన్న లేపమంటాడు, అది తనంతట తనే లేచి నిలబడుతుంది."

"మీరు వద్దనలేరా?"

"అందరికంటే ముందు లేపేది నేనే. ఇరవై ఆరేళ్లుగా నన్ను చూస్తున్నాను, నాకు తెలీదా? జట్టు జాబితాలో పేరే లేకపోతే నాక్కూడా కుదరదు."

"ఓడిపోతారు."

"చిత్తుగా. మిగిలిన పిల్లకి బంతి నేరుగా వెయ్యడమే రాదు."

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

"ఏమంటుంది? అస్సలు నొప్పే లేదు మేడమ్ అని నవ్వుతోంది."

"నేనూ అచ్చం అలాగే అన్నాను. అందుకే, మిమ్మల్ని ఎంత తిట్టుకున్నా ఆ ఒక్క విషయంలో మాత్రం వదిలేశాను. దాచింది నేను, పాపం ఆవిడకేం తెలుసు అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు అబద్ధం చెబుతున్నావని ముందురోజే తెలుసు. నమ్మినట్టు ఉంటే కప్పొస్తుందని ఊరుకున్నాను."