నల్ల చార

(సముద్రపు ఒడ్డున గ్రానైట్ గుహ. పట్టపగలు. లోపల తండ్రి, కూతురు.)

"ఇంకొక్కసారి, నాన్నా. నేను గడ్డపార నొక్కుతా, నువ్వు కాలు లాగు. ఒకటి, రెండు..."

"ఆపు, ఆపమ్మా! గడ్డపార వంగుతోంది కానీ బండ కదలట్లేదు."

"పాదం తెలుస్తోందా?"

"తెలియట్లేదు. ఒకందుకు మంచిదేలే."

"వద్దన్నానా? ఆ బండ ఊగుతోంది, సుత్తి వెయ్యకు అని మొత్తుకున్నానా లేదా?"

"గ్రానైటే కదా అనుకున్నా. కింద పగులు కనపడలేదు. ముప్పై ఏళ్ళు రాళ్ళని కొట్టాను, ఇవాళ రాయి నన్ను కొట్టింది. చెల్లుకు చెల్లు."

"జోకులా? నీళ్ళు నడుం దాకా వచ్చాయి!"

"వస్తాయి మరి, పోటు కదా. ఇటు చూడు. నా ఛాతీ దగ్గర, గోడ మీద నల్ల చార. కనపడిందా?"

"ఆఁ."

"పోటు అక్కడి దాకానే. ఆ పైన వేలెడు కూడా పెరగదు."

"నిజంగా?"

"రాయి అబద్ధం చెప్తుందా?"

"రాయి చెప్పదు."

"మరింకేం? ఛాతీ లోతులో ఓ రెండు గంటలు నిలబడతా, పోటు తగ్గిపోతుంది. నువ్వు మాత్రం ఇప్పుడే వెళ్ళు. పావుగంటలో గుహ నోరు మూసుకుపోతుంది. పడవతను బయటే ఉన్నాడుగా?"

"గడ్డపార ఇచ్చింది ఆయనే కదా."

"అతనితో ఒడ్డుకెళ్ళి జాకీ తీసుకురా. బయల్దేరు."

"ఈ పీతలు చూడు నాన్నా. వరస కట్టి పైకెక్కుతున్నాయి."

"నీ లైటుకి భయపడి."

"లైటు ఇటు తిప్పేసి చాలాసేపయింది. నీ తల దాటి పోయాయవి."

"పీతల డాక్టరమ్మా, పరిశోధన తర్వాత! వెళ్ళమంటే... ఏంటి కోస్తున్నావు?"

"ఏం లేదు. సామాను సర్దుతున్నా."

"అది నీ గొట్టం కదూ? పగుళ్ళలోంచి పీత పిల్లల్ని నోటితో పీల్చి సీసాలోకి లాగుతావే, అదే. ఏదో ఒక రోజు మింగేస్తావు."

"ఇప్పటికి రెండు మింగాను."

"ఛీ! మీ అమ్మకి చెప్పకు. అవునూ... మీ అమ్మకి ఒకటి చెప్పు."

"ఏంటి?"

"ఏం లేదు. నాకు లేటవుతుందని. భోంచేసేయమని."

"నువ్వే చెప్పు."

"వాదించకే! పొట్ట దాటాయి నీళ్ళు. పో!"

"చార దగ్గర ఆగుతాయన్నావుగా. తొందరేముంది?"

"పోవే అంటున్నా! నువ్వు చూస్తుండగా..."

"నేను చూస్తుండగా? చెప్పు."

"నా మాట ఎప్పుడు విన్నావు కనక! పాతికేళ్ళొచ్చాయి, నేను చెప్పిన రాళ్ళ పాఠం ఒక్కటైనా విన్నావా?"

"పొద్దున విన్నాను. ఈ చార దగ్గరే నిలబడి చెప్పావు. ఇది నీటి మరక కాదు, గ్రానైట్ పగుల్లోకి కరిగి చొచ్చుకొచ్చిన నల్లరాయి అని. చెయ్యి పెట్టి చూడమన్నావు కూడా."

"అమ్మలూ..."

"ఇప్పుడు నా పాఠం విను. రోజూ నీళ్ళలో మునక్కపోతే ఆల్చిప్ప బతకదు. ఈ గోడ మీద బతికున్నవాటిలో అన్నిటికన్నా పైనున్న ఆల్చిప్ప నీ తలకి జానెడు ఎత్తులో ఉంది."

"ఎప్పుడు చూశావు?"

"బండ పడగానే."

"తెలిసీ ఇంకా ఇక్కడే... తల్లీ, నీకు దండం పెడతాను, వెళ్ళి పడవెక్కు."

"పడవ లేదు. గడ్డపార తీసుకుని ఆయన్ని అప్పుడే పంపించేశా, జాకీ తెమ్మని. పోటు తగ్గితే గానీ లోపలికి రాలేడు."

"మరి నువ్వు?"

"పైన గబ్బిలాల అరుగు మీద పడుకుంటా. అక్కడ ఏళ్ళనాటి రెట్ట ఎండి అట్టకట్టింది, నీళ్ళు అంత పైకి రావు. చెయ్యి నీ దాకా అందుతుంది. ముక్కు నేను మూస్తా. నువ్వు గొట్టంలోంచే పీల్చు, అందులోంచే వదులు. కంగారు పడకు."

"పొడవెంతుంది అది?"

"జానా బెత్తెడు. తల బాగా వెనక్కి వాల్చి నోరు తెరువు, నాన్నా."